హెచ్‌ఐవీ రాకుండా ఆపే మాత్ర చేతికిచ్చినా ఎందుకు మింగరు?

2009లో దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశాల్లో ‘వాయిస్’ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. హెచ్‌ఐవీ లేని 5,029 మంది మహిళలు అందులో చేరారు. కొందరికి రోజూ వేసుకునే మాత్రలు, కొందరికి రోజూ రాసుకునే జెల్ ఉచితంగా ఇచ్చారు. వాటిలో కొన్ని అసలు మందు, కొన్ని మందు లేని ఉత్తుత్తివి. ఎవరికి ఏది అందిందో ఇచ్చేవారికీ తెలియదు, వాడేవారికీ తెలియదు. వాడుతున్నారా అని అడిగితే వచ్చిన జవాబుల ప్రకారం వాడకం 90 శాతం. తిరిగి తెచ్చినవాటిని లెక్కపెట్టి చూస్తే 86 శాతం. చివర్లో, తీసి ఉంచిన రక్త నమూనాలను పరీక్షించారు. అసలు మాత్రలు తీసుకున్నవారి నమూనాల్లో మందు జాడ కనిపించింది సుమారు 30 శాతంలోనే.

2013లో ఈ ఫలితాలు బయటికొచ్చినప్పుడు హెచ్‌ఐవీ రంగంలో పనిచేసేవాళ్లు నివ్వెరపోయారు. ఆ మహిళల్లో వందమందిని ఏడాదిపాటు గమనిస్తే దాదాపు ఆరుగురికి హెచ్‌ఐవీ సోకుతోంది. అంత పెద్ద ప్రమాదం ఎదురుగా ఉంది. నెలనెలా క్లినిక్‌కి వస్తున్నారు, పరీక్షలు చేయించుకుంటున్నారు, మాత్రల డబ్బా తీసుకుని ఇంటికి వెళ్తున్నారు. మాత్ర మాత్రం మింగడం లేదు. ప్రమాదం అందరికన్నా ఎక్కువగా ఉన్న పెళ్లికాని యువతుల్లోనే వాడకం మరీ తక్కువ.

దీన్ని చదువు లేకపోవడం, అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక. చాలామంది అదే చేశారు. కానీ ఆ తర్వాత జరిగిన సంభాషణలు చూస్తే కథ వేరు. ఆ మహిళలకు కారణాలున్నాయి. వాటిలో చాలావరకు వాళ్ల బతుకు తీరును బట్టి సబబైనవే.

ముందు మందు సంగతి కొంచెం. దీన్ని ప్రెప్ అంటారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు జీవితాంతం వాడే ఏఆర్‌టీ మందుల్లోంచే రెండింటిని, టెనోఫోవిర్, ఎమ్ట్రిసిటబీన్‌లను, ఒకే మాత్రగా చేసి హెచ్‌ఐవీ లేనివారికి ముందుజాగ్రత్తగా ఇస్తారు. వైరస్ మన కణంలోకి దూరాక తన జన్యు సమాచారాన్ని మన కణానికి పనికొచ్చే రూపంలోకి, ఒక్కో ముక్క అతికించుకుంటూ, తిరగరాసుకోవాలి. పూసల దండ గుచ్చుతుంటే మధ్యలో చిల్లు లేని పూస వచ్చి పడితే దండ ఎలా ఆగిపోతుందో, ఈ మందు చేరితే ఆ తిరగరాత అలా ఆగిపోతుంది. సూది గుచ్చుకున్నప్పుడో, కండోమ్ చిరిగినప్పుడో 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే అత్యవసర మందు వేరు. ప్రెప్‌ను ప్రమాదానికి ముందు నుంచే వాడాలి, ప్రమాదం ఉన్నంతకాలం వాడాలి. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి. లేకపోతే ఒంట్లో ఉన్న వైరస్ మందుకు మొండిగా తయారయ్యే ప్రమాదం ఉంది. మూత్రపిండాల పనితీరు, హెపటైటిస్-బి కూడా చూస్తారు. మూడు నెలలకోసారి మళ్లీ హెచ్‌ఐవీ పరీక్ష.

మందు పనిచేస్తుందా అన్న సందేహం ఇప్పుడు లేదు. 2010లో వచ్చిన ‘ఐప్రెక్స్’ అధ్యయనంలో పురుషులతో సంబంధాలుండే పురుషులు, ట్రాన్స్ మహిళలు కలిపి 2,499 మంది పాల్గొన్నారు. మొత్తం మీద హెచ్‌ఐవీ సోకడం 44 శాతం తగ్గింది. రక్తంలో మందు కనిపించినవారిని మాత్రమే విడిగా చూస్తే 90 శాతానికి పైగా తగ్గింది. అంటే చిక్కు మాత్రకూ వైరస్‌కూ మధ్య లేదు. మాత్రకూ మనిషికీ మధ్య ఉంది.

ఆ చిక్కేమిటో తెలుసుకోవడానికి వాయిస్ ముగిశాక పరిశోధకులు ఒక మంచి పని చేశారు. కొందరు మహిళలను మళ్లీ పిలిచి, వాళ్ల సొంత రక్తపరీక్ష ఫలితాలను వాళ్ల ముందే పెట్టి మాట్లాడారు. నిందించడానికి కాదు, తెలుసుకోవడానికి. అంతకుముందు వాడామనే చెప్పినవాళ్లలో చాలామంది అప్పుడు నోరు విప్పారు. కొందరు మాత్రలు పారబోసి ఖాళీ డబ్బా తెచ్చేవారు. కొందరు క్లినిక్‌కి వెళ్లే రోజు ముందు మాత్రమే వేసుకునేవారు. మాత్ర మొదలెట్టగానే కడుపులో తిప్పడం, తలనొప్పి వచ్చి భయపడి ఆపినవాళ్లున్నారు. క్లినిక్‌లో వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కవాళ్లు చెప్పిన మాటలు విని మానేసినవాళ్లున్నారు. కౌన్సెలర్ గదిలో వినిపించిన సమాచారం కన్నా బయట బెంచీ మీద వినిపించిన మాటే బలంగా పనిచేసింది.

అన్నిటికన్నా లోతుగా పాతుకున్న కారణం మాత్రం వేరు. అవి ఏఆర్‌టీ మాత్రలు. ఊళ్లో అందరికీ వాటి రంగు, వాటి డబ్బా తెలుసు. దక్షిణాఫ్రికా లాంటి చోట ప్రతి వీధిలోనూ ఆ మందులు వాడేవాళ్లుంటారు. ఇంట్లో అత్తో, ప్రియుడో, అద్దె గదిలో తోడుండే అమ్మాయో ఆ డబ్బా చూస్తే ఒక్కటే అనుకుంటారు, ఈమెకు హెచ్‌ఐవీ ఉందని. జబ్బు రాకుండా వేసుకుంటున్నానని చెబితే రెండో అనుమానం మొదలవుతుంది. రాకుండా జాగ్రత్త పడాల్సిన అవసరం ఏం వచ్చింది? నామీద నమ్మకం లేదా? లేక నువ్వే ఇంకెవరి దగ్గరికైనా వెళ్తున్నావా? మొదటి అనుమానం పరువు తీస్తుంది. రెండోది కాపురం కూలుస్తుంది, కొన్నిచోట్ల దెబ్బలు తినిపిస్తుంది. ఐదేళ్ల తర్వాత రావచ్చో రాకపోవచ్చో తెలియని జబ్బు ఒకవైపు, ఇవాళ రాత్రి ఇంట్లో జరగబోయే గొడవ మరోవైపు. రెండోదానికే ఎక్కువ భయపడిన మనిషిని తెలివితక్కువదని ఎవరంటారు?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ అధ్యయనం మొదలైనప్పుడు మందు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఉత్తుత్తి మాత్ర అయినా కావచ్చని వాళ్లకు ముందే చెప్పారు. పనిచేస్తుందో లేదో తెలియని మాత్ర కోసం ఇంట్లో అంత ఇబ్బంది ఎందుకు పడాలి అన్న ప్రశ్నకు తప్పు పట్టడానికి లేదు. అయితే అధ్యయనంలో చేరినందుకు నెలనెలా వైద్యపరీక్షలు, గర్భనిరోధక సదుపాయం, ఆప్యాయంగా మాట్లాడే నర్సులు దొరికారు. వాటిని పోగొట్టుకోవడం ఇష్టంలేక, అలాగని మాత్ర వేసుకోవడానికీ మనసొప్పక, వాడుతున్నామనే చెబుతూ వచ్చారు. నర్సును నొప్పించకూడదని చెప్పిన అబద్ధాలు అందులో ఎన్నో.

సరిగ్గా అదే కాలంలో, అదే ఖండంలో మరో అధ్యయనం పూర్తిగా తిరగబడిన ఫలితం ఇచ్చింది. కెన్యా, ఉగాండాల్లో 4,700కు పైగా జంటలతో జరిగిన ‘పార్ట్‌నర్స్ ప్రెప్’ అది. ఆ జంటల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, మరొకరికి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అక్కడ రెండు మందులు కలిసిన మాత్ర హెచ్‌ఐవీ సోకడాన్ని 75 శాతం తగ్గించింది. పరీక్షించిన నమూనాల్లో 80 శాతానికి పైగా మందు కనిపించింది. దేశాలు దగ్గరివే, మందు అదే, పేదరికమూ అదే. మారింది ఒక్కటే. ఇక్కడ మాత్రను దాచాల్సిన పని లేదు. ఇంట్లో రహస్యం లేదు. భార్యకు హెచ్‌ఐవీ ఉన్న భర్త ఆ మాత్ర వేసుకుంటే నిన్ను వదిలి వెళ్లను అని చెప్పినట్టే. విడిపోవడమా, జబ్బు తెచ్చుకోవడమా అన్న సంకటంలో ఉన్న జంటలకు మాత్ర మూడో దారి చూపింది. చాలామంది భార్యలు గుర్తుచేసి మరీ భర్తలతో వేయించారు. భర్తలూ అంతే. అవే అక్షరాలున్న డబ్బా ఒక ఇంట్లో అనుమానానికి, ఇంకో ఇంట్లో ప్రేమకు గుర్తయింది.

ఈ రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. నివారణ మందు గురించి మీ అభిప్రాయం ఏమిటి అని జనాన్ని అడిగితే వచ్చే జవాబు మందు గురించి ఉండదు. ఆ మందు తమ దగ్గరుంటే నలుగురూ తమ గురించి ఏమనుకుంటారన్నదే ఆ జవాబులో ఉంటుంది. అందుకే ఇలాంటి సర్వేల్లో ఒక వింత మళ్లీమళ్లీ కనిపిస్తుంది. ఇలాంటి మందుంటే వాడతారా అని అడిగితే చాలామంది వాడతామంటారు. మీకు అవసరం ఉందా అంటే, నాకెందుకు, ఫలానావాళ్లకు ఇవ్వండి అంటారు. మందు మంచిదే, కానీ అది కావాలని ఒప్పుకోవడం అంటే తాను ‘అలాంటి మనిషి’ అని ఒప్పుకోవడమే అన్న భావన.

డబ్బూ చదువూ ఉన్న సమాజాలు దీనికి అతీతం అనుకోవడానికి లేదు. అమెరికాలో 2012 జులైలో ఔషధ నియంత్రణ సంస్థ ‘ట్రువాడా’ను, అంటే రెండు మందులు కలిసిన ఈ మాత్రనే, నివారణకు ఆమోదించింది. మొదటి రెండేళ్లు దాన్ని వాడినవాళ్లు చాలా తక్కువ. వాడిన స్వలింగ సంపర్క పురుషులను వాళ్ల సమాజంలోనివాళ్లే బజారు మనిషి అనే అర్థం వచ్చే తిట్టుతో పిలిచారు. లాస్ ఏంజిలిస్‌లో ఉన్న అతిపెద్ద ఎయిడ్స్ సేవా సంస్థ అధినేత మైకేల్ వైన్‌స్టీన్ 2014లో దాన్ని ‘పార్టీ డ్రగ్’ అన్నారు. ఎయిడ్స్ రోగుల కోసం దశాబ్దాలు పోరాడిన మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. కండోమ్ వాడని మనిషికి మాత్ర ఇస్తే విచ్చలవిడితనానికి లైసెన్స్ ఇచ్చినట్టే అన్నది ఆ వాదన. తర్వాత కొందరు యువకులు ఆ తిట్టునే టీషర్టుల మీద అచ్చేయించుకుని తొడుక్కున్నారు. తిట్టుకు పదును పోయింది. వాడకం పెరిగింది.

నల్లజాతి అమెరికన్లలో మాత్రం అది నెమ్మదిగానే పెరిగింది. కొత్త హెచ్‌ఐవీ కేసుల్లో వాళ్ల వాటా చాలా ఎక్కువ, ప్రెప్ వాడేవారిలో వాటా చాలా తక్కువ. ఇన్సూరెన్స్ లేకపోవడం, దగ్గర్లో డాక్టర్ లేకపోవడం కొంత కారణం. మిగిలింది జ్ఞాపకం. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖే సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. అలాంటి చరిత్ర ఉన్నచోట, నీకు జబ్బు లేదు కానీ ఈ మాత్ర రోజూ వేసుకో అని తెల్లకోటు వేసుకున్న మనిషి చెబితే సందేహించడం సహజం.

సందేహానికి ఒక గొంతు, ఒక సంఘం దొరికిన సందర్భం కంబోడియాలో వచ్చింది. 2004లో అక్కడి సెక్స్ వర్కర్లు సుమారు 960 మందితో టెనోఫోవిర్ అధ్యయనం చేయాలనుకున్నారు. ‘విమెన్స్ నెట్‌వర్క్ ఫర్ యూనిటీ’ అనే సెక్స్ వర్కర్ల సంఘం అడ్డుపడింది. వాళ్లు అడిగినవి సూటి ప్రశ్నలు. ఈ మందు వల్ల కొన్నేళ్ల తర్వాత ఏదైనా జరిగితే మమ్మల్ని ఎవరు చూస్తారు? దీర్ఘకాలం వైద్య బీమా ఇస్తారా? మా మీదే ఎందుకు? సరైన జవాబు రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో ప్రధాని హున్ సేన్ అధ్యయనాన్ని ఆపించారు. కొన్ని నెలల తర్వాత కామెరూన్‌లోనూ అలాంటిదే ఆగింది. అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు దీన్ని సైన్స్‌కు దెబ్బ అన్నారు. నిజానికి ఆ మహిళలు మందును వద్దనలేదు. తమను అడగకుండా తమ మీద నిర్ణయించడాన్ని వద్దన్నారు. ఆ తర్వాత ప్రెప్ పరిశోధనల్లో స్థానిక సంఘాలతో ముందుగా సంప్రదించడం ఒక నియమంగా మారడానికి ఈ గొడవే పెద్ద కారణం.

అడిగి చేస్తే ఏం జరుగుతుందో మన దేశంలోనే కనిపించింది. మైసూరులో సెక్స్ వర్కర్లే నడుపుకునే ఆశోదయ సమితి, కోల్‌కతాలోని సోనాగాఛీలో దుర్బార్ మహిళా సమన్వయ సమితి ఈ మాత్రను తమ సభ్యులకు ఇచ్చి చూశాయి. దుర్బార్ వెనుక డాక్టర్ స్మరజిత్ జానా కృషి ఉంది. 1992లో సోనాగాఛీలో కండోమ్ ప్రచారాన్ని సెక్స్ వర్కర్ల చేతికే అప్పగించిన వైద్యుడాయన. 2021లో కోవిడ్‌తో కన్నుమూశారు. రెండు చోట్లా మాత్రలు రాకముందే చాలాకాలం మాటలు నడిచాయి. మహిళలు లేవనెత్తిన భయాలు అక్షరాలా ఆఫ్రికా మహిళలవే. డబ్బా చూసి జబ్బుందనుకుంటారు. కిడ్నీలు పాడవుతాయట. కడుపుతో ఉంటే ఎలా? దానికితోడు వృత్తికి సంబంధించిన భయం ఒకటి. మాత్ర సంగతి విటులకు తెలిస్తే, నీకు మాత్ర ఉందిగా, కండోమ్ ఎందుకు అని బేరానికి దిగుతారు. ఇరవై ఏళ్లు కష్టపడి సాధించుకున్న మాట, కండోమ్ లేకపోతే కుదరదు అన్న మాట, చేజారిపోతుంది. ప్రభుత్వం కూడా ఇదే సాకుతో కండోమ్‌ల పంపిణీ తగ్గించేస్తుందేమో.

ఈ చివరి భయాన్ని ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు ఎంతమాత్రం ఊహించలేరు. ఆ పనిలో ఉన్నవాళ్లే చెప్పాలి. చెప్పారు కాబట్టే కార్యక్రమం దానికి తగ్గట్టు నడిచింది. మందు ఇచ్చింది, ఇంటికి వెళ్లి ఎలా ఉందని అడిగింది, మొదటివారం కడుపులో తిప్పితే తగ్గిపోతుందని ధైర్యం చెప్పింది తోటి సెక్స్ వర్కర్లే. మైసూరు ప్రాంతంలో 647 మంది చేరితే 640 మంది చివరిదాకా నిలిచారు. కోల్‌కతాలో 678 మంది చేరారు. రెండు చోట్లా ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. కొందరి రక్తం పరీక్షిస్తే మందు వాడుతున్నట్టు తేలింది. విటులతో కండోమ్ వాడకమూ తగ్గలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ సున్నాను మందు ఘనతగా మాత్రమే చెప్పడం సరికాదు. అప్పటికే ఆ ప్రాంతాల్లో కండోమ్ వాడకం బాగా ఎక్కువ, కొత్తగా హెచ్‌ఐవీ సోకడం చాలా తక్కువ. మాత్ర లేకపోయినా కేసులు కొద్దిగానే ఉండేవి. మైసూరు, కోల్‌కతా నిజంగా నిరూపించింది ఇంకోటి. వాయిస్‌లో డబ్బాలు పారబోయించిన భయాలే ఇక్కడా ఉన్నా, అవి పైకి చెప్పుకునే చోటు, వినే మనిషి ఉంటే మాత్ర గొంతు దిగుతుంది. మరి కండోమ్ ఉండగా మాత్ర ఎందుకు అన్న ప్రశ్నకు కూడా ఆ మహిళల దగ్గరే జవాబుంది. విటుడితో కండోమ్ పెట్టించగలరు. మనసిచ్చి, ఇంటికి రానిచ్చిన మనిషితో పెట్టించలేరు. అక్కడ కండోమ్ అడగడం అంటే నిన్నూ విటుల లెక్కలో వేశానని చెప్పడమే. అసలు ప్రమాదం చాలాసార్లు ఆ నమ్మిన మనిషి దగ్గరే ఉంటుంది.

మాత్ర వస్తే కండోమ్ పోతుందన్న ఆందోళన అన్నిచోట్లా ఉత్తిదే అని చెప్పలేం. ఆస్ట్రేలియాలో ప్రెప్ విస్తరించాక స్వలింగ సంపర్క పురుషుల్లో కండోమ్ వాడకం నిజంగానే తగ్గింది. అయినా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 3,700 మందికి త్వరత్వరగా ప్రెప్ అందించిన ఏడాదిలోనే వారి వర్గంలో కొత్త హెచ్‌ఐవీ కేసులు పావు వంతు తగ్గాయి. గనేరియా, సిఫిలిస్‌లను ఈ మాత్ర ఆపలేదు, వాటికి పరీక్షలూ చికిత్సా విడిగా కావాల్సిందే. ఈ రెండు నిజాలనూ కలిపే చెప్పాలి. ఒకటి దాచి ఒకటి చెబితే, మోసపోయామన్న భావన మొదటి సుఖవ్యాధితోనే మొదలవుతుంది.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు ముచ్చట కాదు. 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షలకు పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దవారిలో దేశ సగటు 0.20 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. ఈశాన్య రాష్ట్రాలను పక్కనపెడితే దేశంలో ముందున్నవి ఇవే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2022లో ప్రెప్‌కు మార్గదర్శకాలు విడుదల చేసింది. అయినా ప్రెప్ అనే మాట విన్నవాళ్లే ఇక్కడ తక్కువ.

విన్నాక ఎదురయ్యే అడ్డంకులను ఊహించడం కష్టం కాదు. జిల్లా ఆస్పత్రిలో ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడుందో ఊళ్లో అందరికీ తెలుసు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలోనే చాలామంది తెలిసినవాళ్ల కంటపడతామని పక్క జిల్లా సెంటర్‌కి బస్సెక్కి వెళ్తారు. ఏ జబ్బూ లేని మనిషిని వచ్చి అదే వరసలో నిలబడి మాత్రలు తీసుకెళ్లమంటే ఎందుకొస్తాడు? హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. గోప్యత హక్కు అందులో రాసి ఉంది. కానీ ఆస్పత్రి వరండాలో ఎదురుపడే మేనమామకు ఆ చట్టం వర్తించదు. పెళ్లయి, బయట మగవాళ్లతో సంబంధమున్న పురుషుడికి ఇంట్లో మాత్ర డబ్బా పెట్టుకునే చోటే లేదు. అతని భార్య మరీ దయనీయం. ప్రమాదం ఉన్నవారి జాబితాలో ఆమె పేరు ఎక్కడా ఉండదు, ప్రమాదం ఉందని ఆమెకూ తెలియదు.

ట్రాన్స్ మహిళల సందేహం ఇంకోటి. శరీరాన్ని తమకు నచ్చినట్టు మలచుకోవడానికి వాడే హార్మోన్లను ఈ మాత్ర పాడుచేస్తుందేమో అని. థాయ్‌లాండ్‌లో ట్రాన్స్ మహిళలతో జరిగిన పరిశోధనలో ప్రెప్ వల్ల హార్మోన్ల స్థాయి తగ్గలేదని తేలింది. ఈ ఒక్క వాక్యం చెబితే సగం టెన్షన్ తీరే వాళ్లున్నారు. చెప్పాలంటే ముందు హార్మోన్ల గురించి చిన్నచూపు లేకుండా మాట్లాడే డాక్టర్ దొరకాలి.

మాత్ర డబ్బాతోనే ఇంత చిక్కు కాబట్టి, డబ్బా లేకుండా చేస్తే? సూదిమందుల వెనుక ఉన్న ఆలోచన ఇదే. రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రావిర్‌ను ఆఫ్రికాలోని ఏడు దేశాల్లో 3,200 మందికి పైగా మహిళలతో పరీక్షిస్తే, రోజువారీ మాత్ర ఇచ్చినవారితో పోలిస్తే హెచ్‌ఐవీ సోకడం దాదాపు 90 శాతం తక్కువని తేలింది. ఆ తర్వాత ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16 నుంచి 25 ఏళ్ల యువతులతో చేసిన అధ్యయనం ఫలితాలు 2024 జూన్‌లో వెలువడ్డాయి. సూది వేయించుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. అదే అధ్యయనంలో మాత్రలు ఇచ్చినవారిలో సోకింది, కారణం అక్కడా మాత్ర మింగకపోవడమే. వాయిస్ ఫలితాలు వచ్చిన పదకొండేళ్లకు, అదే ప్రాంతపు అమ్మాయిలు అదే జవాబు మళ్లీ చెప్పారు. ఈసారి వాళ్లను తప్పు పట్టకుండా మందు రూపాన్నే మార్చారు. హెచ్‌ఐవీ నివారణ చరిత్రలో ఇంతకన్నా గౌరవనీయమైన మార్పు అరుదు.

సూదితో అన్నీ తీరిపోవు. లెనకాపవిర్ చర్మం కింద వేసే మందు కాబట్టి వేసినచోట చాలామందికి చిన్న గడ్డలా తగులుతుంది, కొన్నాళ్లు ఉంటుంది. పక్కన పడుకునే మనిషి చేతికి అది తగలొచ్చు, ఏమిటని అడగొచ్చు. ఆరునెలలకోసారైనా క్లినిక్ గడప తొక్కాల్సిందే, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాల్సిందే. అందుకని ఆ గడప ఎవరిది, లోపల కూర్చున్నదెవరు అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ధర సంగతిలో మాత్రం పెద్ద ఊరట, అదీ హైదరాబాద్ నుంచే. అమెరికాలో లెనకాపవిర్ ఏడాది ఖరీదు 28 వేల డాలర్లకు పైనే. 2024 అక్టోబరులో ఆ మందు తయారుచేసే గిలియడ్ కంపెనీ 120 దేశాల కోసం ఆరు కంపెనీలకు తయారీ లైసెన్సులు ఇచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాద్‌వే. 2027 నుంచి మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఇస్తామన్న ఒప్పందాలు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అంటే సుమారు మూడున్నర వేల రూపాయలు.

మందు చౌక అవుతున్న ఆ ఏడాదే మందు ఇచ్చే చోట్లు మూతపడ్డాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆగిపోయింది. ఫిబ్రవరిలో కొంత సడలింపు ఇస్తూ, తమ డబ్బుతో నడిచే కార్యక్రమాల్లో ప్రెప్‌ను గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే ఇవ్వాలన్నారు. సెక్స్ వర్కర్లు, స్వలింగ సంపర్కులు, ట్రాన్స్ మనుషులు ఒక్క ఉత్తర్వుతో జాబితా బయటపడ్డారు. జోహానెస్‌బర్గ్‌లో వాళ్లు మొహమాటం లేకుండా వెళ్లగలిగిన క్లినిక్‌లు తలుపులు మూసేశాయి. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలై, ట్రాన్స్ సిబ్బందే నడిపిన మిత్ర్ క్లినిక్ కూడా ఆ సాయంతోనే నడిచేది. హార్మోన్ చికిత్స మీద సలహా, హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఒకే చోట దొరికే క్లినిక్ అది. 2025 ఆరంభంలో అదీ మూతపడింది. తర్వాత దాతల సాయంతో వేరే పేరుతో మళ్లీ పని మొదలుపెట్టింది. 2027లో చౌక సూది మార్కెట్‌లోకి వచ్చేనాటికి అలాంటి క్లినిక్‌లు విజయవాడ, రాజమహేంద్రవరం, వరంగల్‌లలో ఎన్ని ఉంటాయన్నది ఇప్పుడు రెండు రాష్ట్ర ప్రభుత్వాలు తేల్చాల్సిన విషయం. ఆ సూది ఏఆర్‌టీ సెంటర్ వరసలోనే ఇస్తారా, తోటివాళ్లకు నచ్చజెప్పే పీర్ ఎడ్యుకేటర్లు పనిచేసే చోట ఇస్తారా, మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారా అన్నది కూడా అప్పటిదాకా ఆగకుండా, వాడబోయేవాళ్లను ముందే కూర్చోబెట్టుకుని అడగాలి.